ఆంగ్లేయుల సద్దిరొట్టె: దానిని మన యింట చేయు విధము

సద్ది యననేమో యెరుగని బాలుడు నస్పూరు, శ్రీరాంపురము ప్రాంతములలో నుండడు. తెల్లవారకమునుపే షిప్టునకు బోవు తండ్రికి గిన్నెలో నేమి పెట్టవలెను, అది మధ్యాహ్నము వరకు చెడక నిలుచునా యను విచారము బొగ్గుగనుల యూళ్లలో ప్రతి తల్లికిని నిత్యవ్యవహారమే. ఇట్టి సద్ది ఇంగ్లండు దేశమునను గలదు. రెండు రొట్టెముక్కల నడుమ మాంసమునో, గుడ్డునో, జున్నునో యుంచి, కాగితమున జుట్టి వారు పనికి గొనిపోవుదురు. దానికే శాండువిచ్చి యని పేరు. అందులో కూరపొడితో జేసిన చల్లని కోడిమాంసమును బెట్టినది యొకటి యాదేశమున మిక్కిలి ప్రసిద్ధము. దానిని 'కారొనేషను చికెను', అనగా కిరీటధారణపు కోడిమాంసము, అందురు. దానిని మన యింట జేయు విధమును మేమిందు దెలుపబూనితిమి. దాని రుచికి మూలమైన పొడి మన దక్షిణదేశపు పేరుతోనే యచట చెల్లుచున్నది గావున దానిని గూర్చి మన మెరుగుట యుక్తము. ఇంతకంటె ముఖ్యమైన మాట యింకొకటి కలదు. చల్లని దేశమున బుట్టిన యీ వంటకమును మార్పులేక మన యెండలలో జేసికొని తినువారు జబ్బుపడుట సంభవించును.

శాండువిచ్చి యను పేరు ఒక ప్రభువుది. సాండువిచ్చి పట్టణమునకు నాల్గవ ప్రభువైన జాన్ మాంటేగు (1718-1792) బల్లయొద్ద నుండి లేవకయే తినుటకు వీలుగా రొట్టెలనడుమ మాంసమును దెప్పించుకొనెడివాడట. ఆ కథ యెంతవరకు నిజమైనను, 1762 వ సంవత్సరమున చరిత్రకారుడగు ఎడ్వర్డు గిబ్బను తన దినచర్యలో నీ పదమును వ్రాసియున్నాడు. కోడిమాంసపు కథ యింతకంటె స్పష్టమైనది, ఇటీవలిది.

1953 వ సంవత్సరము జూన్ 2 వ తేదీన లండను నగరమున వెస్టుమినిస్టరు దేవాలయమందు రెండవ ఎలిజబెత్తు రాణికి కిరీటధారణ జరిగెను. ఆ దినమున విదేశములనుండి వచ్చిన యతిథులకు, ఇంచుమించు 350 మందికి, వెస్టుమినిస్టరు పాఠశాలయొక్క పెద్ద సాలలో విందు చేయవలసివచ్చెను. అచట వంటగది మిక్కిలి చిన్నది. అందరికిని ఒక్కమారు వేడిగా వడ్డించుట యసాధ్యము. అదిగాక యుద్ధకాలమున బెట్టిన ఆహారపు రేషను నాటికింకను తొలగలేదు. మాంసమునకు రేషను 1954 జూలైలో గాని పోలేదు. ముందురోజే వండి చల్లగా వడ్డింపదగినది, పలుదేశముల వారికి నచ్చునది, అతివ్యయము గానిది యగు వంటకము కావలసెను. ఆ భారమును లండనులోని కార్డన్ బ్లూ యను వంట పాఠశాల వహించెను. దానిని నడుపుచుండిన వారు రోజ్‌మేరీ హ్యూము, కాన్‌స్టెన్సు స్ప్రై యను నిరువురు స్త్రీలు. స్ప్రై పుష్పాలంకారమున బేరుపడసినది. ఆ యుత్సవమున పూలు కూర్చినదియు నామెయే. లోకమీ వంటకమును సాధారణముగ నామె పేరనే చెప్పుకొనును గాని, వంటకు గర్త హ్యూము అనుటయే న్యాయమని మా యభిప్రాయము. వండినవారును, వడ్డించినవారును ఆ పాఠశాల విద్యార్థినులే. రాజుల విందును విద్యార్థినులు నడపుట మన విద్యార్థులు గమనింపదగిన సంగతి.

నాటి విందుపట్టికలో దీనిని ఫ్రెంచి భాషలో 'ఎలిజబెత్తు రాణి కోడి' యని వ్రాసిరి. 1956 లో ఆ యిరువురును గలిసి ప్రకటించిన గొప్ప పాకశాస్త్రగ్రంథము మూలముగ నీ విధానము ఇంటింటికి బాకెను. ఇంతకుమున్నే, 1935 లో అయిదవ జార్జి చక్రవర్తి రజతోత్సవమునాడు, చల్లని కోడిమాంసమును కూరపొడి కలిపిన మయొనైసుతో వడ్డించిరని చెప్పుదురు గావున నీ యూహ పూర్తిగా క్రొత్తది కాదు. 2023 మే 6 న మూడవ చార్లెసు కిరీటధారణమునకు మాత్రము కోడిని విడిచి, పాలకూర, చిక్కుడుగింజలు చేర్చి గుడ్లతో గాల్చిన యొక పిండివంటను నిర్ణయించిరి. అయినను అది యీ కోడిమాంసపు పేరును చెరుపలేకపోయినది.

అసలు విధానము నొకసారి చూతము. రెండు కోళ్లను కారట్టు, ఆకులు, కొంచెము ఉప్పు వేసిన నీటిలో మెల్లగా నుడికించి, చల్లార్చి, ఎముకలు దీసి ముక్కలు చేయుదురు. ఉల్లిగడ్డను సన్నగా దరిగి కొంచెము నూనెలో మ్రగ్గించి, దానిపై కూరపొడి వేసి వేయింతురు. పిమ్మట టమాట గుజ్జు, ద్రాక్షసారాయము, నీరు, ఆకు, నిమ్మచెక్క, ఉప్పు, చక్కెర, మిరియాలు చేర్చి కొంతసేపు కాచి, వడగట్టి, చల్లారనిత్తురు. ఆ రసమును, ఖుబానీ పండ్ల గుజ్జును, తెలికగా గిలకొట్టిన మీగడను మయొనైసులో గలిపి దానితో మాంసమును బట్టింతురు. ఎండుద్రాక్షలు గాని బాదముపప్పు గాని మామిడిపచ్చడి గాని యందు లేవు. అవి యన్నియు తరువాత చేరినవే.

ఇందలి కూరపొడి కొలత విన్నచో మన తల్లులు నవ్వుదురు. రెండు కోళ్లకు పొడి యొక భోజనాంతపు చెంచా మాత్రమే, అనగా మన చిన్న చెంచాలు రెండు! మనయిండ్లలో నొక అరకిలో మాంసమునకు వేయు మసాలాలో నిది నాల్గవవంతు గాకపోవచ్చును. కాని వారు దీనిని కూరగా దలంపలేదు. వెనుకనుండి సన్నగా వినవచ్చు వాసనగా మాత్రమే దానిని గోరిరి. ఈ సంగతి మరచి మన కారముతో జేసినచో నది చల్లారిన కోడికూర యగును, అంతే.

ఈ కూరపొడి యననేమి? మన ప్రాంతమున నిట్టి పొడి యేయింటను లేదు. మనకు కోడికూరకొక మసాలా, చారునకొక పొడి, వంకాయకొక కారము వేరువేరుగా నున్నవి. ఆంగ్లేయులు ఈ దేశమున నుద్యోగములు చేసి స్వదేశమునకు మరలినపుడు ఇచ్చటి రుచిని విడువజాలక, ఒకే డబ్బాలో నన్నిటిని గలిపి పెట్టుకొనిరి. వారి గ్రంథములలో 1747 లోనే హన్నా గ్లాసు అను నామె 'ఇండియా రీతిని' కూర చేయు విధమును వ్రాసినది. ఆ మొదటి ముద్రణలో మిరియాలు, ధనియాలు మాత్రమే యుండి, పసుపు, అల్లము తరువాతి ముద్రణలలో జేరినవి. 1810 లో దీన్ మహమ్మదు అను నొక బీహారు వాసి లండనులో హిందూస్థానపు వంటల హోటలు దెరచెను. క్రమముగ నంగళ్లలో డబ్బాలు వెలసినవి. ఆ డబ్బాలపై ఘాటైన పొడికి మద్రాసు పేరు నిలిచినది. 1953 వరకు మన కోస్తా జిల్లాలన్నియు మద్రాసు రాష్ట్రములోనివే గదా. మన నస్పూరు మాత్రము నాడు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. అయినను ఆ పొడిలో బడు పసుపు జగిత్యాల, మెట్‌పల్లి, నిజామాబాదు చేలలో మన కన్నులయెదుట బండునదే గావున దానిని పరాయిదనుటకు మాకు నోరాడదు.

ఇంటిలో జేసికొనవలెనన్న నీ పొడికి నాలుగు పెద్ద చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, అరచెంచా చొప్పున మెంతులు, ఆవాలు, మిరియాలు, రెండు ఎండుమిరపకాయలు, ఒక రెమ్మ కరివేపాకు తీసికొని, సన్నని మంటపై వేరువేరుగా వేయించి, చల్లారినపిదప పొడికొట్టి, ఒక చెంచా పసుపు కలుపవలెను. మెంతులు మాడినచో పొడియంతయు చేదగును. వాని రంగు మారుచుండగనే దింపవలెను. ఈ పొడి మూతబిగించిన సీసాలో నెలదినములు బాగుగ నుండును.

ఇపుడు నేటి ఇంగ్లండులో దఱచుగా జరుగు నొక లోపమును జెప్పవలెను. ఈ కోడిమాంసము క్రమముగ విందుబల్లనుండి దిగి సద్దిరొట్టెలోనికి వచ్చినది. అంగళ్లలో త్రికోణపు పెట్టెలలో బెట్టి యమ్ముదురు. కరీంనగరము, మంచిర్యాల వైపునుండి చదువులకై లండను, బర్మింగుహాము పోయిన మన యువకులు దీనిని మొదట నచటనే చూచుచున్నారు. త్వరపడి చేయువారు పొడిని వేయింపకయే మయొనైసులో గలిపివేయుదురు. అది పచ్చివాసనతో, నాలుకపై ఇసుకవలె నుండును. పసుపులోని రంగును, మసాలాల సుగంధతైలములును నీటిలో గరగవు, నూనెలో గరగును. వేడి నూనెలో నొక నిమిషము వేగినపుడే యవి బయటికి వచ్చి రసమంతటను వ్యాపించును. పోపు పెట్టు ప్రతి గృహిణికిని ఈ శాస్త్రము పేరు తెలియకున్నను పని తెలియును. హ్యూము సైతము పొడిని నూనెలో వేయించియే వేసినది. తరువాతివారే దానిని విడిచిరి.

ఇక మయొనైసు. పచ్చిగుడ్డులోని పచ్చసొనను గిలకొట్టుచు, చుక్కచుక్కగా నూనెను, పులుపును జేర్చినచో నవి విడిపోక వెన్నవలె గట్టిపడును. పచ్చసొనలోని లెసిథిను అను పదార్థము నూనెబిందువులను నీటిలో నిలిపి యుంచుటయే యిందులకు గారణము. చూచుటకు అందముగ నుండును. కాని యది నిప్పు చూడని గుడ్డు. గుడ్డు పెంకుపైనను, ఒక్కొక్కప్పుడు లోపలను, సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. అది కడుపులో జేరినచో జ్వరము, వాంతులు, విరేచనములు గలుగును. బాలురకును వృద్ధులకును ప్రాణాపాయమును రావచ్చును. ఇది దూరదేశపు మాట కాదు. మన రాష్ట్రమున మండీ, షవర్మా యంగళ్లు పెరిగి, వానితో నీ తెల్లని రసమును ఊరూర వ్యాపించినది. జనులు జబ్బుపడుటయు నధికమైనది. 2024 అక్టోబరు 30 న తెలంగాణ ప్రభుత్వము పచ్చిగుడ్లతో జేసిన మయొనైసును చేయుట, నిలువయుంచుట, అమ్ముటలను ఒక సంవత్సరకాలము నిషేధించెను. నిషేధపు గడువు తీరవచ్చును గాని, పచ్చిగుడ్డు స్వభావము గడువుతో మారదు.

కావున మేము చెప్పు విధమున గుడ్డు లేదు. మంచి గడ్డపెరుగు అరలీటరు తీసికొని, శుభ్రమైన పలుచని గుడ్డలో మూటగట్టి, క్రింద గిన్నె పెట్టి, నాలుగైదు గంటలు ఫ్రిజ్జులో నుంచవలెను. వేసవిలో బయట వ్రేలాడదీసినచో పులిసిపోవును. నీరంతయు దిగి, వెన్నవంటి ముద్ద మిగులును. దానికి కాచిన పాలపై మీగడ రెండు పెద్ద చెంచాలు కలిపి నునుపగునట్లు గిలకొట్టవలెను. మయొనైసులోని జిడ్డుదనమిందు తక్కువ, పులుపు కొంచె మెక్కువ. మా నోటికి నిదియే యధికము రుచించినది. సీసాలలో గుడ్డులేని మయొనైసు దొరకును గావున నది కావలసినవారు సగము పెరుగు, సగము అది కలుపుకొనవచ్చును.

కోడిని గూర్చి యొకమాట. మన పెద్దలు నాటుకోడిని గాని మెచ్చరు. కూరకు వారి మాటయే మాట. కాని యీ చల్లని వంటకమునకు నాటుకోడి పీచు చల్లారగనే బిగుసుకొనును. బ్రాయిలరు కోడియే మేలు. నలుగురికి ఎముకతో గూడిన మాంసము ముప్పాతిక కిలో చాలును. తోలు దీసి, ముక్కలు మునుగునంత నీటిలో ఒక కారట్టు, సగము ఉల్లిగడ్డ, పది మిరియాలు, ఉప్పు వేసి కాచవలెను. నీరు తెర్లిన పిదప మంట తగ్గించి, అడుగునుండి చిన్నబుడగలు మాత్రమే వచ్చునట్లుంచి యరగంట యుడికింపవలెను. కుతకుత నుడికినచో మాంసము పీచుపీచగును. ఎముకయొద్ద గోసి చూచిన నెరుపు కనబడరాదు, రసము తేటగా నుండవలెను. ఉష్ణమాపకము గలవారు మాంసము నడుమ 74 డిగ్రీలు వచ్చినదేమో చూచుకొనవచ్చును. ఆ నీటిని పారబోయక చారునకో, అన్నమునకో వాడుడు.

అసలు విధానమున మాంసమును ఆ నీటిలోనే చల్లారనిత్తురు. జూన్ మాసపు లండనులో నది చెల్లును. ఎండలు 45 డిగ్రీలు దాటుట అరుదుగాని మంచిర్యాల జిల్లాలో నట్లు చేయరాదు. ఉడికిన ముక్కలను వెంటనే తీసి వెడల్పైన పళ్లెమున బరచి, పళ్లెమును చల్లని నీటి తొట్టిలో నిలిపి, వేడి తగ్గగనే ఫ్రిజ్జులో బెట్టవలెను. ఎముకలు దీయువారు చేతులు సబ్బుతో గడుగుకొనవలెను. వ్రేలికి పుండో, తెగిన గాయమో యున్నవారు ఆ పని ముట్టరాదు. పుండునుండి మాంసమున జేరు నొక జాతి సూక్ష్మజీవులు విడుచు విషము తిరిగి కాచినను నశింపదు.

ఖుబానీలు మన హైదరాబాదు పెండ్లివిందులలో మీఠాగా వడ్డించునవే. లండను వంటగదిలోని యీ పండు మనకు గ్రొత్త కాదన్నమాట. ఎనిమిది ఎండు ఖుబానీలను రాత్రి నానబెట్టి, తెల్లవారి ఆ నీటితోనే మెత్తబడువరకు గాచి, గింజలు దీసి, గుజ్జును జల్లెడలో వత్తవలెను. అవి లేనిచో మామిడిపండు గుజ్జును సన్నని మంటపై చిక్కబరచి వాడవచ్చును. రుచి వేరగును గాని చెడ్డది కాదు. మన ఆవకాయను మాత్రము చేర్పరాదు. ఆవకాయ చేరినచోట మరియే రుచియు తలయెత్తజాలదు.

పిమ్మట రెండు చెంచాల మంచినూనెలో చిన్న ఉల్లిగడ్డ తరుగును ఎరుపెక్కకుండ మెత్తబరచి, కూరపొడి రెండు చిన్న చెంచాలు వేసి, మంట తగ్గించి, పచ్చివాసన పోవువరకు గలియబెట్టవలెను. కోళ్లు రెండు గావు గదా, కొలత యేల తగ్గలేదని యడుగుదురేమో. మనది పెరుగు గావున, దాని పులుపునకు, మన నాలుకకు నింత యవసరమే. ఒక టమాట గుజ్జు, అరగ్లాసు నీరు, ఒక బిర్యానీ ఆకు, రెండు నిమ్మచక్రములు, ఉప్పు, చిటికెడు చక్కెర వేసి పది నిమిషములు చిక్కబడనిచ్చి వడగట్టవలెను. సారాయము లేనందున నే లోటును గనబడదు, దిగినపిదప నిమ్మరసము నాలుగు చుక్కలు చాలును. ఈ రసము పూర్తిగ జల్లారినపిదపనే పెరుగులో గలుపవలెను. వేడిగా గలిపినచో పెరుగు విరిగి నీరగును. ఖుబానీ గుజ్జు రెండు పెద్ద చెంచాలు చేర్చి రుచిచూచుడు. తీపి మొదట, పులుపు నడుమ, కారము చివర రావలెను. అపుడు మాంసమును గోరంత ముక్కలుగ జేసి కలిపి, ఒకగంట ఫ్రిజ్జులో నుంచుడు. మాంసము తినని యిండ్లలో నుడికిన శనగలను గాని పనీరును గాని యీ రసముననే కలుపుకొందురు గాక.

డబల్‌రొట్టె నాటిదే కావలెను. ముక్కల రెండింటికిని లోపలివైపున అంచులదాక వెన్న పూయవలెను. వెన్న రుచికి మాత్రమే కాదు. రసములోని నీరు రొట్టెలోని కెక్కకుండ నది కట్టవలె నిలుచును. మాంసమును సమముగ బరచి, దోసకాయ పలుచని చెక్కలో, కొత్తిమీరయో వేసి, రెండవ ముక్క మూసి, కొంచె మదిమి, పదునైన కత్తితో మూలకు మూల కోయుడు.

చివరకు సద్దిగిన్నె మాట. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ నున్న వండినమాంసమున సూక్ష్మజీవులు శీఘ్రముగ బెరుగును. అట్టి యాహారమును రెండు గంటలకుమించి బయట నుంచరాదనియు, 32 డిగ్రీలు దాటిన యెండలో నొక గంటకంటె నుంచరాదనియు ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఫిబ్రవరి కడపటినుండి మన యూరిలో పగటివేళ నా 32 డిగ్రీలు దాటనిదెన్నడు? మన సద్దులు నిలుచుటకు గారణము వేరు. పులిహోరను చింతపండు కాపాడును. జొన్నరొట్టె, ఎల్లిపాయకారములలో తడి తక్కువ, ఉప్పు, ఘాటు ఎక్కువ. ఈ రొట్టెలో తడిమాంసము, పెరుగు, మీగడ గలవు. దీనికి కాపుదల లేదు. కావున గనిలోనికి బోవు తండ్రి గిన్నెలో గాని, బడికిబోవు బాలుని సంచిలో గాని దీనిని బెట్టుట మాకు సమ్మతము కాదు. ఆదివారము పగలు, నలుగురు నింటనున్నపుడు, ఫ్రిజ్జునుండి తీసి, రొట్టెలో బెట్టి, అప్పటికప్పుడు తినవలెను. రొట్టెలో బెట్టక మిగిలినది వెంటనే ఫ్రిజ్జులో జేరినచో మరునాటి మధ్యాహ్నమువరకు వాడవచ్చును. పళ్లెములలో నెంగిలిపడి మిగిలినదానిని పారవేయుడు.

ఖుబానీ గింజలను పగులగొట్టినచో లోపల బాదమువంటి పప్పు వచ్చును. హైదరాబాదువారు దానిని మీఠాపై జల్లుదురు. ఇంగ్లండువారు ఈ కోడిమాంసముపై తరువాతికాలమున బాదముపలుకులు జల్లనారంభించిరి గావున, మనము దానికి బదులు ఈ పప్పునే వాడవచ్చును. కాని ముందుగా నొకదానిని కొరికి చూడవలెను. చేదైన పప్పులో విషము గలదు గావున దానిని ఉమిసి, ఆ గింజల నన్నిటిని పారవేయవలెను.